బాగ్దాద్ ఉద్యోగం గురించి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? పిన్ని మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నిన్న రాత్రి నువ్వు బాగ్దాద్‌లో ప్రైవేటు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం సంగతి చెప్పగానే సంతోషం వేసింది, వెంటనే టెన్షనూ పట్టుకుంది. సిగ్నల్ సరిగ్గా లేక సగం మాటలు నీకు వినపడలేదు. అయినా ఇదంతా ఫోన్లో చెప్పేది కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు, చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు.

వెళ్లొద్దని చెప్పడానికి రాయడం లేదు. మీ మాధవరంలో మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి మిలిటరీకి వెళ్తూనే ఉన్నారు, తుపాకీ సంగతి నీకు నేను చెప్పేదేముంది? నా భయం వేరే. ఆర్మీలో ఉన్నన్నాళ్లూ నీ వెనక ఆర్మీ యాక్ట్ ఉంది, యూనిట్ ఉంది, ఏదైనా జరిగితే ఆర్మీ లోపలే విచారించే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ ఉంది. ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర చేరాక నీ వెనక ఉండేది ఒక కాంట్రాక్టు కాగితం. అది ఏ దేశం ఇచ్చింది, ఆ దేశంలో ఏ శాఖ ఇచ్చింది అన్నదాన్ని బట్టే నీకు ఏ చట్టం వర్తిస్తుందో తేలుతుంది. జీతం ఎంతో అడిగే ముందు అది అడగాలిరా.

బ్లాక్‌వాటర్ పేరు విన్నావు కదా. 2003 తర్వాత ఇరాక్‌లో అమెరికా దౌత్యవేత్తలకి కాపలా కాసిన కంపెనీ. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ చౌరస్తాలో వాళ్ల గార్డులు కాల్పులు జరిపితే 17 మంది మామూలు జనం చచ్చిపోయారు. నాలుగు సాయుధ వాహనాలతో వచ్చి చౌరస్తాలో ట్రాఫిక్ ఆపారు. ఎదురుగా ఒక తెల్ల కియా కారు. నడుపుతున్నది మెడిసిన్ చదివే కుర్రాడు, పక్క సీట్లో వాళ్లమ్మ, ఆవిడ డాక్టరు. ముందు ఆ కుర్రాడికి గుండు తగిలింది. కారు ఆగలేదు, మెల్లగా ముందుకి కదులుతూనే ఉంది. పక్కనే డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి కాల్చొద్దని సైగ చేస్తూ కారు దగ్గరికి పరిగెత్తాడు. లోపల తల్లి కొడుకు కోసం అరుస్తోంది. కాల్పులు ఆగలేదు. తల్లీ కొడుకూ ఇద్దరూ పోయారు. చుట్టుపక్కల కార్లలో ఉన్నవాళ్ల మీదకీ తూటాలు వెళ్లాయి. చనిపోయినవాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లాడు ఉన్నాడు, తండ్రి నడుపుతున్న కారులో వెనక సీట్లో కూర్చుని.

మరి ఆ గార్డులకి రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. ప్రాణానికి తక్షణం ముప్పు ఉంటేనే కాల్చాలి, గురి చూసి కాల్చాలి, పక్కనున్న అమాయకుల ప్రాణాలు దృష్టిలో పెట్టుకోవాలి అని రాసే ఉంది. సంతకాలు పెట్టించుకునే ఉంటారు. ఆ ఏడాది అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఒకటి లెక్క తీసింది. 2005 నుంచి ఈ కంపెనీవాళ్లు 195 చోట్ల కాల్పుల్లో పాలుపంచుకున్నారట, అందులో నూటికి ఎనభైకి పైగా సందర్భాల్లో ముందు కాల్చింది వీళ్లేనట. అంటే రూలు ఎప్పటి నుంచో కాగితం మీదే ఉండిపోయింది, అడిగేవాడు లేడు.

అడిగేవాడు ఎందుకు లేడో చెప్తాను, నీకు పనికొచ్చేది ఇదే. 2004 జూన్‌లో, ఇరాక్‌ని అక్కడివాళ్లకి అప్పగించే ముందు, అప్పటిదాకా ఇరాక్‌ని పాలించిన అమెరికా అధికారి పాల్ బ్రెమర్ 17వ నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. కాంట్రాక్టు పనిలో ఉండగా ఏం చేసినా విదేశీ కాంట్రాక్టర్ల మీద ఇరాక్ కోర్టుల్లో కేసు నడవదని దాని సారాంశం. పోనీ అమెరికా కోర్టులో పెడదామంటే, విదేశాల్లో అమెరికా రక్షణ శాఖకి పనిచేసే కాంట్రాక్టర్ల కోసం 2000లో చేసిన చట్టం ఒకటుంది. 2004లో దాన్ని మార్చి, రక్షణ శాఖ పనికి తోడ్పడే మిగతా శాఖల కాంట్రాక్టర్లనీ చేర్చారు. ఈ గార్డులేమో విదేశాంగ శాఖ కాంట్రాక్టు మీద ఉన్నారు. మేం రక్షణ శాఖకి పని చేయలేదు, ఈ చట్టం మాకు వర్తించదు అని వాళ్ల లాయర్లు ఏళ్ల తరబడి వాదించారు. పదిహేడు ప్రాణాలు పోయిన కేసులో వాదన ఏ శాఖ కాంట్రాక్టు అన్న దగ్గరికి వచ్చింది చూడు!

దానికి ముందు ఏడాది సంగతి ఇంకా ఘోరం. 2006 క్రిస్మస్ ముందు రోజు రాత్రి అదే కంపెనీ గార్డు ఒకడు తాగి, ఇరాక్ ఉపాధ్యక్షుడి అంగరక్షకుణ్ణి కాల్చి చంపాడు. రెండు రోజులు తిరక్కుండానే అతన్ని విమానం ఎక్కించి పంపేశారు. ఉద్యోగం పోయింది, కేసు మాత్రం పడలేదు. చచ్చిపోయినవాడూ నీలాంటి గార్డే కదరా. అది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

నిసూర్ కేసు ఎలా నడిచిందో కూడా విను. కాల్పులు అయిన వెంటనే విదేశాంగ శాఖవాళ్లు గార్డుల దగ్గర వాంగ్మూలాలు తీసుకున్నారు. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, చెప్పింది మాత్రం మీ మీద కేసులో వాడం అన్న షరతు మీద. ఆ మాటలే ప్రాసిక్యూషన్ వాడుకుందని 2009 డిసెంబరు 31న జడ్జి కేసు కొట్టేశాడు. 2011లో పై కోర్టు మళ్లీ నిలబెట్టింది. 2014లో నలుగురిని దోషులన్నారు, 2015లో ఒకడికి యావజ్జీవం, ముగ్గురికి ముప్పయ్యేసి ఏళ్లు వేశారు. తర్వాత అప్పీళ్లు, మళ్లీ విచారణ, ఆ ముగ్గురికి శిక్ష తగ్గింపు. ఆఖరికి 2020 డిసెంబరు 22న ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష పెట్టాడు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు పదమూడేళ్లు ఎదురు చూశారు. సాక్ష్యం చెప్పడానికి ఇరాక్ నుంచి అమెరికా దాకా వెళ్లినవాళ్లున్నారు వాళ్లలో. అది న్యాయం అని నేను అనలేను.

నిసూర్ కాల్పుల తర్వాత కొంత కదలిక వచ్చింది. 2008 సెప్టెంబరులో స్విట్జర్లాండ్ ప్రభుత్వం, రెడ్‌క్రాస్ కమిటీ కలిసి మాంట్రో పత్రం తెచ్చాయి, మొదట పదిహేడు దేశాలు ఒప్పుకున్నాయి. యుద్ధభూమిలో ప్రైవేటు కంపెనీలు చట్టం లేని చోట తిరుగుతున్నట్టు కాదు, పని ఇచ్చిన దేశానికీ, పని జరిగే దేశానికీ, కంపెనీ పుట్టిన దేశానికీ బాధ్యత ఉంది అని అందులో స్పష్టంగా రాశారు. అయితే ఇది కొత్త చట్టం కాదు, దీని కింద ఎవరినీ కోర్టుకి ఈడ్చలేం. 2010 నవంబరులో జెనీవాలో 58 కంపెనీలు ఒక అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టాయి. 2013లో దాని అమలు చూడటానికి ఒక అసోసియేషన్ పెట్టారు. ప్రభుత్వాలు, కంపెనీలు, పౌరసంఘాలు మూడూ అందులో ఉంటాయి. ఆ నియమావళిలో ఏముందంటే, ఆత్మరక్షణకో, ఇంకొకరి ప్రాణం కాపాడటానికో తప్ప మనిషి మీద కాల్పులు జరపకూడదు, హింసించకూడదు, పనివాళ్లని మోసపుచ్చి తేకూడదు, ఉద్యోగంలోకి తీసుకునే ముందు పూర్వాపరాలు చూడాలి, కాల్పులు జరిగిన ప్రతిసారీ రిపోర్టు రాయాలి, బయటివాళ్లు కూడా ఫిర్యాదు చేసుకునే దారి ఉండాలి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఆ చివరిదే. మా ఆఫీసులో పాలసీ ఫైళ్లు చూసే పని నాది కాబట్టి చెప్తున్నాను, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గేటు దగ్గర మనిషికి తెలియకపోతే మిగతా పేజీలన్నీ ఉండీ దండగే.

మన దగ్గర మాత్రం? 2005 చట్టం ఉంది కదా, ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలది, పసారా అంటాం. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపకూడదు. కొత్త గార్డుకి 160 గంటల ట్రైనింగ్, వంద గంటలు క్లాసులో, అరవై ఫీల్డులో. మీలాంటి మాజీ సైనికులకి తక్కువే. పోలీసు, మిలిటరీ యూనిఫారంలా కనపడే బట్టలు వేస్తే జైలు దాకా వెళ్లొచ్చు. ఇవి కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ చాలాచోట్ల కుర్రాణ్ణి పొద్దున చేర్చుకుని సాయంత్రానికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబెట్టేస్తారు. అది చూస్తే నాకు భయం వేస్తుంది, ఆ కుర్రాడి గురించి, అక్కడుండేవాళ్ల గురించి.

గార్డుల ట్రైనింగ్ క్లాసులో నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. రాత్రి రెండింటికి ఒకడు గోడ దూకి వట్టి చేతులతో పారిపోతున్నాడు, నీ చేతిలో లాఠీ ఉంది, ఏం చేస్తావు? సగం మంది "కొడతాం సార్" అంటారు. పారిపోయేవాడి వల్ల నీ ప్రాణానికి ఏం ముప్పు? యూనిఫారం వేసుకున్నా మనకి మామూలు పౌరుడికున్న ఆత్మరక్షణ హక్కే తప్ప ఎక్కువ ఏమీ లేదు. కళ్లముందు పెద్ద నేరం చేసినవాణ్ణి పట్టుకున్నా ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో అలా రాశారు. ఈ ముక్క బుర్రకెక్కితే కుర్రాడు సగం గొడవల నుంచి బయటపడతాడు. నువ్వు ఎక్కడికి వెళ్లినా ఆ ప్రశ్న నిన్ను నువ్వు వేసుకో.

ఇప్పుడు నీ ఆఫర్ సంగతి. నీకు ఈ ఆఫర్ తెచ్చిన విశాఖ ఏజెన్సీనే నిన్ను అక్కడ డ్యూటీలో పెడుతుందా, లేక మనిషిని చూపించి ఊరుకుంటుందా? తన తరఫున విదేశంలో సెక్యూరిటీ ఇవ్వాలంటే ఏజెన్సీలకి లైసెన్సులిచ్చే మన రాష్ట్ర కంట్రోలింగ్ అథారిటీ అనుమతి కావాలి, వాళ్లు కేంద్రాన్ని సంప్రదించాకే ఇవ్వాలి, అదే 2005 చట్టంలో ఉంది. కేవలం మనుషుల్ని పంపే ఏజెంటైతే వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. నువ్వు టెన్త్ పాస్, నీ పాస్‌పోర్టుకి వలస అనుమతి ముద్ర అక్కర్లేదు కాబట్టి ఇమ్మిగ్రేషన్‌లో ఎవరూ ఆపకపోవచ్చు, అందుకని ఏజెంటుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కాదు. రెండు లక్షలు అడిగాడన్నావు. మన చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గది ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. అది అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు అయితే రూలు ఇంకా గట్టిది. 2012లో ఒబామా ఉత్తర్వు వచ్చాక పనివాడి దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు అసలు తీసుకోకూడదు, పాస్‌పోర్టు లాక్కోకూడదు. ఆ రూలు ఊరికే రాలేదు. 2004లో హోటల్ ఉద్యోగాలని చెప్పి జోర్డాన్ తీసుకొచ్చిన నేపాలీ కుర్రాళ్లని ఇరాక్‌లోని అమెరికన్ స్థావరానికి పంపుతుంటే, దారిలో మిలిటెంట్లు పట్టుకుని పన్నెండు మందిని చంపేశారు. అప్పులు చేసి బయల్దేరిన పిల్లలురా వాళ్లు.

ఇంకొకటి, ఇది చెల్లెమ్మ వినాలి. 2016 జూన్‌లో కాబూల్‌లో కెనడా ఎంబసీ గార్డులు మినీబస్సులో డ్యూటీకి వెళ్తుంటే ఆత్మాహుతి దాడి జరిగింది. డజనుకి పైగా చనిపోయారు. ఎక్కువమంది నేపాలీలు, ఇద్దరు డెహ్రాడూన్ వాళ్లు. బస్సుకి కవచం లేదు. ఎంబసీ లోపల గోడలు ఎంత మందంగా ఉంటేనేం, గార్డుని క్యాంపు నుంచి తీసుకెళ్లే బండి మామూలు బండి. అందుకని బండి ఏదో అడుగు. ఇన్సూరెన్స్ అడుగు. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులకి 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ ఉంది, ఏ దేశం మనిషైనా గాయపడినా పోయినా పరిహారం రావాలి. వేరే దేశం కాంట్రాక్టు అయితే ఆ చట్టం రాదు, అప్పుడు పాలసీ ఏమిటో, ఎంతకో, నామినీ ఎవరో రాతలో ఉండాలి.

బ్రెమర్ ఇచ్చిన ఆ రక్షణ 2009 జనవరి 1తో పోయింది. ఇప్పుడు నువ్వు బాగ్దాద్‌లో ట్రిగ్గర్ నొక్కితే చూసేది ఇరాక్ చట్టం. అది సరైనదే అంటాను నేను. కానీ కేసు పడితే కంపెనీ లాయర్ని పెడుతుందా, నీ చేతికిచ్చే తుపాకీకి ఇరాక్ ప్రభుత్వ లైసెన్సు ఎవరి పేరున ఉంది అని అడిగి తీరాలి. ఇక్కడ బ్యాంకు డ్యూటీలో నీ సొంత లైసెన్సు గన్ పట్టుకున్నట్టు కాదది. కంపెనీవాళ్లు ఆ జెనీవా అసోసియేషన్‌లో ఉన్నామంటే, సర్టిఫికెట్ వచ్చిందా, ఇంకా ప్రాసెస్‌లోనే ఉందా కనుక్కో. లిస్టు బయట అందరికీ కనపడుతుంది.

కాల్పుల రూల్స్ కాపీ హిందీలోనో ఇంగ్లీషులోనో ముందే ఇమ్మను. చేరాక చూపిస్తాం అంటే సంతకం పెట్టకు.

ఆఫర్ లెటరు, కాంట్రాక్టు రెండూ ప్రతి పేజీ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, వెనక పేజీలతో సహా. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా పంపు, విదేశాలకి వెళ్లే పనివాళ్ల సంగతులు చూసే ప్రభుత్వ ఆఫీసు, ఇక్కడ హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకి నేనే వెళ్లి కనుక్కొస్తాను. అప్పటిదాకా రూపాయి కట్టకు, పాస్‌పోర్టు ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, మేడ మీద సిగ్నల్ ఉండే చోట కూర్చో.

పిన్నికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
రాంబాబు