ఆ దగ్గు రికార్డు మళ్లీ పెట్టకండి

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా, కరోనా జాగ్రత్తలు చెప్పే రికార్డులో ముందు దగ్గు వినిపించేది, గుర్తుండే ఉంటుంది. మొదటిరోజు మా అమ్మ అది నా దగ్గే అనుకుంది. నేను ఫోన్ ఎత్తగానే "ఎన్నాళ్ల నుంచిరా ఈ దగ్గు? చెప్పవేం?" అని ఏడుపు. రికార్డని నమ్మించడానికి పావుగంట పట్టింది. నెల తిరిగేసరికి అదే అమ్మ, దగ్గు మొదలవగానే ఫోన్ చెవి నుంచి తీసేసి, అది అయ్యేదాకా కొంగుతో స్క్రీన్ తుడుచుకుంటూ కూర్చునేది. చేతులు కడుక్కోమన్న మాట కూడా ఆ తుడుపులోనే పోయింది.

అంతకు ముందే, ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లాలో ఒకాయన మామూలు జ్వరాన్ని కరోనా అనుకుని, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందన్న భయంతో ప్రాణం తీసుకున్నారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసూ నమోదు కాలేదు.

జబ్బంటే భయం ఉండాల్సిందే, కాదనను. భయపెట్టాక ఏం చెయ్యాలో, చేస్తే మన గతేంటో చెప్పరే, అదీ నా బాధ. మా వీధిలో మొదటి పాజిటివ్ వచ్చిన ఇంటి ముందు వెదురు బొంగులు కట్టారు, గేటుకు స్టిక్కర్ వేశారు. పాలబ్బాయి ఆ ఇల్లు వచ్చేసరికి సైకిల్ స్పీడు పెంచేవాడు. ఫోన్‌లోనేమో పోరాటం వ్యాధితో, రోగితో కాదని పాఠం. జనం చెవిని నమ్ముతారా, కళ్లనా? ఇక ఆ తర్వాత మా వీధిలో ఎవరికీ జ్వరమే రాలేదండీ! అందరికీ ఎండదెబ్బే. మందుల షాపులో మాత్రం జ్వరం బిళ్ల డోలో దొరికేది కాదు. సంబంధిత అధికారుల ఆదేశం ఉంటే తప్ప ఇళ్లకు అలా పోస్టర్లు అంటించొద్దని సుప్రీంకోర్టు డిసెంబరులో చెప్పింది. అప్పటికే దాచుకోవడం అందరికీ అలవాటైపోయింది.

మాస్కు సంగతీ అంతే. ఒంట్లో బాగున్నవాళ్లకు అక్కర్లేదన్నారు, ఏప్రిల్‌లో ఇంట్లో కుట్టుకునైనా పెట్టుకోమన్నారు. కొత్త విషయం తెలిశాక మాట మారడంలో తప్పులేదు. ఎందుకు మారిందో మాత్రం మా వీధిదాకా రాలేదు, వాట్సాప్ వచ్చింది.

ఇంకోసారి ఇలాంటిది వస్తే, ఆ సందేశాన్ని ముందు మా అమ్మలాంటి పదిమందికి వినిపించి చూడండి. జ్వరమొస్తే ఏ నంబరుకు చెయ్యాలి, ఎవరొస్తారు, ఎన్నాళ్లు విడిగా ఉండాలి, ఆ రోజుల్లో పాలూ బియ్యం ఎవరు తెచ్చిస్తారు, ఇవి ముందు చెప్పండి. తెలియనిది తెలియదనే చెప్పండి, తట్టుకుంటాం.

దగ్గు మాత్రం వద్దండీ. ఆ రికార్డు పోయి ఏళ్లయినా, అమ్మ ఇప్పటికీ నంబరు నొక్కి, రింగ్ మొదలయ్యేదాకా ఫోన్ చెవికి ఆనించదు.

ఇట్లు,
ఒక చిన్న పట్నం వాసి