ఆ లిస్టు టైపు చేసింది నేనే

అమ్మలూ,

ఉత్తరమేమిటి, ఫోన్ చేస్తే సరిపోయేది కదా అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. మొన్నా అంతే. నిన్ను బడ్జెట్ సెక్షన్‌లో వేశారని, మొదటి పనే ఖర్చు తగ్గింపు ప్రతిపాదనలు తయారు చేయడమని సంబరంగా చెప్పావు. నేను "జాగ్రత్తమ్మా" అన్నాను. "ఏముంది నాన్నా, ఇంట్లో రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకోమా? ప్రభుత్వమైనా అంతే కదా" అన్నావు. నేను నోరు తెరిచేలోపు మీటింగ్ ఉందని పెట్టేశావు. అప్పుడు చెప్పబోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో అడ్డు తగల్లేవు.

ముందు నీకు తెలియని సంగతి ఒకటి. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు మా ఆఫీసుకి పొదుపు ఉత్తర్వులు వచ్చాయి. ఏయే పోస్టులు తీసేయొచ్చో లిస్టు పంపమని పైనుంచి తాఖీదు. ఆ లిస్టు టైపు చేసింది నేనే. మూడు కాలమ్‌లు: పోస్టు పేరు, ఎన్ని, ఏడాదికి మిగిలే జీతం. మూడు రాత్రులు కూర్చున్నాను. ఆఖరి పేజీలో మొత్తం కూడి కింద రెండు గీతలు కొట్టాను. ఎక్కడా తేడా రాలేదు. మా సూపరింటెండెంట్ గారు భుజం తట్టారు. గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు.

ఆ లిస్టులో మా గదిలోనే కూర్చునే కాంట్రాక్టు టైపిస్టు పోస్టు ఉంది. మూడో రాత్రి నా మిషన్ రిబ్బన్ అయిపోతే, లేచి వెళ్లి ఆవిడ మిషన్ ముందు కూర్చున్నాను. ఆవిడ పోస్టు ఉన్న పేజీ ఆవిడ మిషన్ మీదే టైపు చేశాను. కుర్చీ మీద ఆవిడ వేసుకున్న దిండు అలాగే ఉంది.

రెండు నెలలకు ఆవిడ ఉద్యోగం పోయింది. ఇంకో నెలకు వాళ్ల అబ్బాయిని ట్యూషన్ మాన్పించింది. ఆ ట్యూషన్ చెప్పే కుర్రాడు డిగ్రీ పూర్తి చేసి గ్రూప్ పరీక్షల నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చున్నవాడు. అదేమో రాలేదు. ఎలా వస్తుంది? అదే ఉత్తర్వులో, రెండో పేరాలో, కొత్త నియామకాలు ఆపేశారు. రావాల్సిన ఉద్యోగం రాలేదు, చేతిలో ఉన్న ట్యూషనూ పోయింది. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. నా లిస్టులో అతని పేరు ఎక్కడా లేదు.

నువ్వన్న ఇంటి లెక్కకు వద్దాం. మనింట్లో నూరు తగ్గించుకుంటే ఆ నూరు మన పెట్టెలోనే ఉంటుంది. మన జీతం మాత్రం తగ్గదు, ఎందుకంటే మన జీతం మన ఖర్చు మీద ఆధారపడి లేదు. ప్రభుత్వం అలా కాదు. అది ఇచ్చే జీతం మీదే దానికి పన్ను వస్తుంది. ఆ జీతంతో మనిషి కొన్న ప్రతి వస్తువు మీదా మళ్లీ పన్ను వస్తుంది. అది నూరు తగ్గించిన రోజున ఈ రాబడి కూడా కొంత తగ్గుతుంది. పని పోయినవాళ్లకు భృతి ఉన్న దేశాల్లో అదనంగా భృతి ఇవ్వాల్సి వస్తుంది. నూరు మిగులుతుందని రాసుకున్నచోట చివరికి అరవయ్యో డెబ్బయ్యో చేతికొస్తుంది. రోజులు బాగాలేకపోతే ఇంకా తక్కువ.

ఇది నా సొంత పైత్యం కాదు. 2010 తర్వాత యూరప్ దేశాలు ఖర్చులు కోసుకుంటున్నప్పుడు, ప్రభుత్వం ఒకటి తగ్గిస్తే దేశం మొత్తం ఉత్పత్తి సుమారు అర మేర పడుతుందన్న అంచనా మీద లెక్కలు వేశారు. 2012లో అంతర్జాతీయ ద్రవ్య నిధి ప్రధాన ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్, ఆయన సహచరుడు డేనియల్ లీ తిరిగి లెక్క చూస్తే ఆ దెబ్బ 0.9 నుంచి 1.7 దాకా ఉందని తేలింది. అంటే ఒకటి కోస్తే ఒకటిన్నరకు పైగా కూడా పడి ఉండొచ్చు. మా ఆఫీసులో ఇంత తేడా వస్తే మెమో ఇచ్చేవాళ్లు. అక్కడ పరిశోధన పత్రం రాశారు. పోనీ, తప్పు జరిగిందని బయటికి చెప్పారు, అదీ గొప్పే.

గ్రీసు సంగతి చూడు. అప్పు తగ్గించడానికే కదా కోతలు పెట్టారు. 2009లో ఆ దేశం అప్పు దాని ఏడాది ఉత్పత్తిలో సుమారు 127 శాతం. జీతాలు, పింఛన్లు, పోస్టులు అన్నీ కోశాక, మధ్యలో 2012లో అప్పిచ్చినవాళ్లే కొంత వదులుకున్నాక కూడా, 2014కి అది 180 శాతం దగ్గరికి చేరింది. అప్పు పెరగడం కంటే, దాన్ని దేంతో పోల్చి చూస్తామో ఆ ఉత్పత్తే నాలుగో వంతు దాకా కరిగిపోవడం పెద్ద కారణం. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. కుర్రవాళ్లలోనైతే పని కోసం వెతుకుతున్నవాళ్లలో సగానికి పైగా ఖాళీ.

ఆ ఏడాదే అక్కడి ఆర్థిక శాఖ తన ఆఫీసులు ఊడ్చే 595 మంది ఆడవాళ్లను పక్కన పెట్టి, పని ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది. ఆర్థిక శాఖ, చూశావా! దేశం మొత్తం లెక్కలు చూసే శాఖకు దొరికిన పొదుపు చీపురు దగ్గర దొరికింది. వాళ్లు ఏథెన్స్‌లో ఆ శాఖ గుమ్మం ముందే నెలల తరబడి బైఠాయించారు. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే ఎర్ర రబ్బరు గ్లవ్స్ వాళ్ల జెండా అయ్యింది. 2015లో ప్రభుత్వం మారాక మళ్లీ పనిలోకి తీసుకున్నారు. మధ్యలో పోయిన కాలం సంగతి ఎవరు లెక్కవేస్తారు?

కోత అంటే ఎవరినో పిలిచి రేపటి నుంచి రావద్దనడం అనుకుంటాం. అలా జరిగేది తక్కువ, తల్లీ. ఎక్కువగా చప్పుడు లేకుండా జరుగుతుంది. ఒకాయన రిటైరవుతాడు, దండ వేస్తారు, ఆ కుర్చీ అలాగే ఉండిపోతుంది. ఆయన ఫైళ్లు పక్కాయన బల్ల మీదికి వస్తాయి. పక్కాయనకి జీతం పెరగదు, పని రెట్టింపవుతుంది. కౌంటర్ ముందు క్యూ పొడుగవుతుంది. క్యూలో నిలబడినవాడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. ఈ కూలి ఎవరి పద్దులోనూ పడదు. కాంట్రాక్టరు బిల్లు ఆర్నెల్లు పెండింగ్‌లో పెడతారు. కాంట్రాక్టరు ఎలాగో తట్టుకుంటాడు, ఆయన కింద పనిచేసేవాళ్లు వడ్డీకి తెచ్చుకుని తింటారు. ప్రభుత్వం తీసుకోని అప్పు వాళ్లు తీసుకున్నారన్నమాట, ఇంకా ఎక్కువ వడ్డీకి.

జీతాలు పెంచకుండా ఆపేయడమూ ఇలాంటిదే. తగ్గించామని ఎవరూ అనరు. బ్రిటన్‌లో 2010 అక్టోబరులో ఆర్థిక మంత్రి జార్జ్ ఓస్బోర్న్ నాలుగేళ్ల కోతల పద్దు చదివారు. ప్రభుత్వ రంగంలో 4,90,000 ఉద్యోగాలు తగ్గుతాయని అప్పటి అంచనా. ఏడాదికి 21,000 పౌండ్ల పైన వచ్చేవాళ్ల జీతాలు రెండేళ్లు కదల్లేదు. ఆ తర్వాత కొన్నేళ్లు పెంపు ఒక శాతం దగ్గరే ఆపారు. ధరలు మాత్రం ఆగలేదు. పైగా 2011 జనవరి నుంచి అమ్మకం పన్ను 17.5 నుంచి 20 శాతం చేశారు. నర్సు జీతం చీటీలో అంకె మారలేదు, ఆ అంకెకి వచ్చే సరుకు తగ్గింది.

నువ్వు వెంటనే కెనడా అంటావని తెలుసు. నువ్వు అనకపోయినా నేనే చెప్పాలి, లేకపోతే మోసం. 1995లో అక్కడి ఆర్థిక మంత్రి పాల్ మార్టిన్ కేంద్ర ప్రభుత్వంలో 45,000 పోస్టులు తగ్గిస్తామన్నారు. మూడేళ్లు తిరిగేసరికి లోటు పోయింది. దేశం కూలిపోలేదు, బాగానే నడిచింది. కానీ అప్పుడు వడ్డీ రేట్లు పడుతున్నాయి, వాళ్ల డాలరు చవకగా ఉంది, పక్కనున్న అమెరికా జోరు మీదుండి వాళ్ల సరుకంతా కొంటోంది. ప్రభుత్వం వదిలేసిన మనిషిని పట్టుకోవడానికి బయట చేతులున్నాయి. అయినా రాష్ట్రాలకిచ్చే నిధుల్లో పెట్టిన కోత చివరికి అక్కడి ఆసుపత్రుల మీద పడింది. అమెరికాలో 1937లో ఇలాంటి చేతులు లేవు. మాంద్యం నుంచి ఇంకా పూర్తిగా కోలుకోకముందే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఖర్చు తగ్గించింది, అదే సమయంలో కొత్త పన్నులు వచ్చాయి, అక్కడి కేంద్ర బ్యాంకూ పగ్గాలు బిగించింది. మూడింటిలో ఏది ఎంత అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. తగ్గుతూ వస్తున్న నిరుద్యోగం మాత్రం మరుసటి ఏడాదికి మళ్లీ ఎగబాకింది.

కాబట్టి కోత వద్దే వద్దని నేననను. దుబారా నేను కళ్లారా చూశాను. మార్చి నెలాఖరులో నిధులు మురిగిపోతాయని అవసరం లేని బీరువాలు కొనడం, వాటిని పెట్టడానికి చోటు లేక వరండాలో ఎండకీ వానకీ వదిలేయడం, ఆ ఫైలు మీద నా సంతకమూ ఉంది. కానీ కోత వచ్చినప్పుడు బీరువాల జోలికి ఎవరూ పోరు. బీరువాల వెనక సరఫరాదారు ఉంటాడు, అతని వెనక ఇంకెవరో ఉంటారు. కాంట్రాక్టు టైపిస్టు వెనక ఎవరున్నారు? తేలిగ్గా తెగేది తెగుతుంది, తెగాల్సింది కాదు. ముప్ఫయ్యేళ్లలో నేను చూసింది ఇదే.

ఇంకొకటి రాయాలి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నువ్వు ఐదో తరగతికి వచ్చేసరికి అమ్మ ఉద్యోగం మానేసింది. నీకు గుర్తుందా? నీ కోసమే మానేసిందని నువ్వు అనుకునేదానివి, స్కూల్లో వ్యాసం కూడా రాశావు. నీ కోసం కాదు. నానమ్మకి పక్షవాతం వచ్చింది కదా, ప్రభుత్వాసుపత్రిలో వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ చేసేవాళ్లు. నా డ్యూటీకి ముందే తీసుకెళ్లి తెచ్చేవాణ్ని. ఆ విభాగంలో ఇద్దరుండేవారు. ఒకాయన రిటైరయ్యారు, ఆయన జాగా నింపలేదు. రెండో ఆవిణ్ని వేరేచోటికి డిప్యుటేషన్ మీద పంపారు. తలుపుకి తాళం. బోర్డు మాత్రం చాలాకాలం అలాగే ఉంది.

బయట చేయించే స్తోమత మనకు లేదు. ఆ చేసే పద్ధతి అమ్మ ఆవిడ దగ్గర నాలుగు రోజుల్లో నేర్చుకుంది. పొద్దున గంట, సాయంత్రం గంట, నానమ్మ చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తెరవడం, మూయడం. మధ్యలో పక్క మీద అటూ ఇటూ తిప్పడం. ఉద్యోగం చేస్తూ కుదరలేదు. తొమ్మిదేళ్ల సర్వీసు వదిలేసింది. ఒక పోస్టు ఖాళీగా ఉంచి ప్రభుత్వం ఒక జీతం మిగిల్చింది. మనింట్లో ఒక జీతం పోయింది. పని ఎక్కడికీ పోలేదు, జీతం లేకుండా అమ్మ చేసింది. ప్రభుత్వ ఖాతాలో మిగులు నిజమే. మన ఖాతా వాళ్ల దగ్గర లేదు.

ఆ ఆసుపత్రి పోస్టులు పోయిందీ అవే పొదుపు ఉత్తర్వుల కింద అని తర్వాత తెలిసింది. వాళ్ల శాఖలో కూడా నాలాంటివాడే ఎవరో కూర్చుని టైపు చేసి ఉంటాడు. కింద రెండు గీతలు కొట్టి ఉంటాడు. లెక్క సరిపోయి ఉంటుంది.

నువ్వు ఉద్యోగం మానుకో అనడం లేదు. పైవాళ్లతో గొడవ పెట్టుకోమనీ అనడం లేదు, కొత్తదానివి. లిస్టు తయారు చెయ్యి. కానీ పంపేముందు నీ కోసం పక్కన ఇంకో కాలమ్ గీసుకో. ఈ పోస్టులో ఉన్న మనిషి నిన్న ఏం పని చేశాడు, రేపటి నుంచి అది ఎవరు చేస్తారు. ఫోన్ చేసి అడుగు, వీలైతే వెళ్లి చూడు. కొన్నిచోట్ల "ఎవరూ చేయక్కర్లేదు" అని వస్తుంది, అవి నిక్షేపంగా కొట్టెయ్. కొన్నిచోట్ల రాయడానికి నీకు చెయ్యి ఆడదు. అవి మీ ఆఫీసరు గారి ముందు పెట్టి, ఇదీ సంగతి అని మర్యాదగా చెప్పు. వింటారో లేదో నాకు తెలీదు. నేనైతే ఆ రోజు అడగను కూడా అడగలేదు.

ఉత్తరం అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. నానమ్మ సంగతి పిల్లకి ఇప్పుడెందుకు, ఆ పేజీ కొట్టెయ్యమంది. నేను కొట్టెయ్యలేదు.

నాన్న