బ్లేడు బిగువు గురించి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు ఇవ్వనందుకు ఫిర్యాదు

గౌరవనీయులైన సంస్థ యాజమాన్యానికి,

మీ దగ్గర కొన్న బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో కలప కోసే యంత్రం, పాడైపోయిందని చెప్పడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. యంత్రంలో లోపముంటే బాగుచేయించుకోవచ్చు, బాగుపడకపోతే మార్చుకోవచ్చు. నన్ను ఇంతగా బాధించి, ఇంత కోపంతో కలం పట్టించినది వేరే విషయం. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. ముప్పావు అంగుళం వెడల్పున్న బ్లేడు ఈ యంత్రానికి సరిపోతుందని మీ బ్రోచర్‌లో అచ్చువేశారు కదా, వెడల్పాటి గట్టి కలపను చీల్చడానికి కావలసినంత బిగువుగా ఆ బ్లేడును ఈ యంత్రం లాగి పట్టగలదా, పట్టలేదా? దీనికి అవునని గానీ కాదని గానీ చెప్పగలిగిన మనిషి మీ సంస్థలో ఒక్కరూ నాకు ఇంతవరకు దొరకలేదు. అటువంటి మనిషి దాకా నన్ను మీరు పోనివ్వలేదు అనడమే నిజం.

ఈ ప్రశ్న యంత్రం కొన్నాక పుట్టింది కాదు. మా ఇంటి వర్క్‌షాపులో మందపాటి పలకలను అంచు మీద నిలబెట్టి రెండు మూడు పలచటి పలకలుగా చీల్చుకోవాలన్నదే నా అవసరమని, మరే పనికీ నాకు ఈ యంత్రం అక్కరలేదని కొనకముందే మీ అమ్మకాల ప్రతినిధికి వివరంగా చెప్పాను. పది అంగుళాల గుండ్రటి బ్లేడున్న టేబుల్ సా మీద ఒక్క కోతలో సుమారు మూడు అంగుళాల లోతే అందుతుంది, పైగా దాని బ్లేడు ప్రతి కోతకూ ఇంచుమించు 3 మిల్లీమీటర్ల కలపను పొట్టు చేసేస్తుంది. బ్యాండ్‌సాతో అందులో సగం కూడా పోదు. మంచి చేవ ఉన్న కలపను పొట్టుపాలు చేయడం ఇష్టం లేకనే బ్యాండ్‌సా వైపు మొగ్గాను. నా ముందు రెండు దారులు ఉండేవి. ఒకటి, 14 అంగుళాల చక్రాలూ పోత ఇనుప ఫ్రేమూ ఉన్న యంత్రాన్ని కొని, ఫ్రేము మధ్యలో ఎత్తు పెంచే దిమ్మెను బిగించి, 6 అంగుళాల కోత ఎత్తును 12 అంగుళాలకు తెచ్చుకోవడం. రెండోది, ఉక్కు పలకలను అతికి ఒకే ఖండంగా చేసిన ఫ్రేము ఉండే పెద్ద యంత్రానికి వెళ్ళడం. దిమ్మె వేస్తే ఎత్తు రెట్టింపవుతుంది గానీ బ్లేడును బిగించే స్ప్రింగూ మోటారూ పాతవే ఉంటాయి కదా, అంత ఎత్తు కోతను అవి తట్టుకుంటాయా అని అడిగాను. "బ్రోచర్‌లో ఉన్నదంతా పరీక్షించి రాసిందేనండీ, మీకు ఆ సందేహమే అక్కరలేదు" అని మీ ప్రతినిధి హామీ ఇచ్చారు. ఆ హామీని నమ్మి మొదటిదాన్నే తీసుకున్నాను.

ఆ తర్వాత యంత్రం దగ్గర జరిగింది క్లుప్తంగా చెబుతాను. ముప్పావు అంగుళం బ్లేడు వేసి బిగువు మరను చివరిదాకా తిప్పితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోయాయి, బ్లేడు మాత్రం చాలినంత బిగుసుకోలేదు. ఎనిమిది అంగుళాల పలకను ఎంత నెమ్మదిగా నెట్టినా బ్లేడు కలప లోపల పక్కకు వంగి, చీలిన రెండు ముక్కల్లో ఒకదాని నడుమ గుంట, రెండోదాని నడుమ ఉబ్బు వచ్చాయి. చక్రాలు రెండూ ఒకే తలంలో ఉన్నాయో లేదో పొడవాటి బద్ద ఆనించి చూశాను. బ్లేడును అటూ ఇటూ కదలకుండా చూసే గైడ్లను కాగితం మందమంత సందుతో అమర్చాను. బ్లేడు వెనుక ఆనే బేరింగును, బల్ల లంబాన్ని సరిచూశాను. బ్లేడు తనంతట తాను ఏ కోణంలో సాగుతోందో గీత మీద కోసి తెలుసుకుని పలకను ఆనించి నెట్టే ఫెన్సును అందుకు తగ్గట్టు మళ్ళించాను. పళ్ళ మధ్య పొట్టు ఇరుక్కుని వేడెక్కకుండా అంగుళానికి మూడే పళ్ళున్న కొత్త బ్లేడు వేశాను. ఇవన్నీ మీ కస్టమర్ కేర్‌కు మొదటి రోజే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఫోన్ ఎత్తిన కొత్త మనిషికి మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

మొదట మాట్లాడినవారు ప్లగ్గు పెట్టారా, స్విచ్ వేశారా, మోటారు తిరుగుతోందా అని వరుసగా అడిగారు. మోటారు తిరుగుతోందన్నాను. అయితే యంత్రం పనిచేస్తున్నట్టే కదా అన్నారు. పనిచేయడం వేరు, పలకను తిన్నగా చీల్చడం వేరు అని నేను వివరిస్తుండగానే నా ఫిర్యాదు పరిష్కారమైందని సెల్‌ఫోన్‌కు సందేశం వచ్చింది. ఫోన్‌లో ఉన్న మనిషి ఇంకా నా మాట వింటున్నట్టు "ఊ" కొడుతూనే ఉన్నారు! నన్ను ఎంత తేలిగ్గా తీసుకున్నారో ఆ క్షణంలోనే అర్థమైంది.

తిరిగి ఫోన్ చేస్తే ఇంకొకరు సాంకేతిక విభాగానికి కలుపుతామన్నారు. అక్కడ మాట్లాడిన ఆమె కొత్త బ్లేడు కొనమన్నారు. వేసింది కొత్తదేనన్నాను. అయితే ఫోటో పంపమన్నారు, పంపాను. ఫోటోలో తెలియడం లేదు, వీడియో కావాలన్నారు. యంత్రం నడుస్తుండగా తీసి అదీ పంపాను. వీడియో పెద్దదిగా ఉండి తెరుచుకోవడం లేదన్నారు. చిన్న చిన్న ముక్కలుగా చేసి పంపేసరికి ఆ ఫిర్యాదు సంఖ్య గడువు తీరిందని, కొత్త సంఖ్యతో మళ్ళీ నమోదు చేసుకోవాలని జవాబు వచ్చింది. కొత్త సంఖ్య తీసుకుంటే వ్యవహారమంతా మొదటికొచ్చింది. ప్లగ్గు పెట్టారా అన్న ప్రశ్న మళ్ళీ ఎదురైంది.

వీళ్ళందరిలో ఒక్కరే యంత్రం గురించి ఏదో తెలిసినట్టు మాట్లాడారు. ఇది వంపు కోతలకూ చిన్న పనులకూ ఉద్దేశించిన గృహ వినియోగ యంత్రమని, వెడల్పాటి పలకలను చీల్చడానికి దీన్ని వాడకూడదని ఆయన అన్నారు. మీ బ్రోచర్‌లో 12 అంగుళాల కోత ఎత్తు, ముప్పావు అంగుళం బ్లేడు అని ఉన్న వాక్యాన్ని చదివి వినిపించి, మీరు చెప్పిన మాటే నాకు రాసి ఇవ్వండి, నేను దాంతోనే తృప్తి పడతాను అని అడిగాను. ఒక్క నిమిషం ఆగమని చెప్పి సంగీతం పెట్టారు. ఆ సంగీతం చాలాసేపు మోగి లైను తెగిపోయింది. మళ్ళీ ఫోన్ చేసి ఆయన పేరు అడిగితే, ప్రతినిధుల వివరాలు ఇవ్వడం తమ నియమాలకు విరుద్ధమన్నారు. ఒక ప్రతినిధి చెప్పింది మరొకరికి తెలియకపోతే, చెప్పినవారు ఎవరో కూడా తెలియకపోతే, ఆ మాటకు పూచీ ఎవరు వహిస్తారు?

చివరికి టెక్నీషియన్‌ను పంపారు. వచ్చిన ఆయనను నేను తప్పు పట్టను, మర్యాదస్థుడు. స్విచ్ చెడిపోయిందని ఆయనకు చెప్పి పంపారట. డ్రిల్లింగ్ మెషీన్లు, గ్రైండర్లు బాగుచేయడం తన పని అని, బ్యాండ్‌సా చక్రాల తలుపు తెరవడం ఇదే మొదలని ఆయనే నిజాయితీగా ఒప్పుకున్నారు. నేను కోసి చూపిస్తే పలక మధ్యలోని ఉబ్బును చేత్తో తడిమి, ఇది నిజంగానే తేడాగా ఉందని అన్నారు. కానీ ఆయన తెచ్చిన ఫారంలో ఆ మాట రాయడానికి చోటు లేదు. "యంత్రం పనిచేస్తోంది, వినియోగదారునికి శిక్షణ అవసరం" అన్న గడిలో గుర్తు పెట్టి నన్ను సంతకం చేయమన్నారు. నేను చేయలేదు. చేయనందుకు, సర్వీసుకు సహకరించలేదని నా పేరు మీద నమోదైందని తర్వాత తెలిసింది. పై అధికారి స్వయంగా ఫోన్ చేస్తారని నాకు మాటిచ్చారు. ఆయన ఫోన్ ఈ రోజు వరకు రాలేదు, సేవ ఎలా ఉందో మార్కులు వేయమని అడిగే సందేశాలు మాత్రం ఆగకుండా వస్తున్నాయి.

ఇదే సమయంలో ఆ బ్లేడు తయారుచేసిన సంస్థకు, అది మీ కంటే చాలా చిన్నది, ఇదే ప్రశ్న రాశాను. మరునాడే జవాబు వచ్చింది. ఏ కలప, ఎంత ఎత్తు, అంగుళానికి ఎన్ని పళ్ళు అని ముందు అడిగి, తర్వాత ఓపికగా వివరించారు. సాధారణ కార్బన్ ఉక్కు బ్లేడుకు చదరపు అంగుళానికి 15,000 నుంచి 20,000 పౌన్ల బిగువు కావాలని, రెండు లోహాలు అతికి చేసిన బైమెటల్ బ్లేడుకు 25,000 పౌన్ల దాకా అవసరమని చెప్పారు. మందం ఒకటే అయినప్పుడు అర అంగుళం బ్లేడుకు పట్టే బలంలో ఒకటిన్నర రెట్లు ముప్పావు అంగుళం బ్లేడుకు పడుతుందని, ఆ బలమంతా ఫ్రేమూ స్ప్రింగూ మోయాలని రాశారు. యంత్రం మీది కొలబద్ద స్ప్రింగు ఎంత నొక్కుకుందో చూపిస్తుందే తప్ప బ్లేడు బిగువును కొలవదని, అందుకు వేరే గేజీ ఉంటుందని కూడా వారే తెలిపారు. ఆ గేజీ పెట్టి కొలిస్తే కావలసినదానిలో సగం బిగువు కూడా లేదు. అయితే ఈ యంత్రం ఎంత బలానికి రూపొందిందో తాము చెప్పలేమని, దాన్ని తయారుచేసినవారే చెప్పాలని వారు ముగించారు. మీ యంత్రాన్ని అమ్ముకోని ఒక చిన్న సంస్థ నా కోసం అంత శ్రమ తీసుకున్నప్పుడు, నా డబ్బు తీసుకున్న మీకు ఒక్క వాక్యం రాయడానికి ఏమి అడ్డొచ్చింది?

మీరు నాకు కొత్త కాదు. నా చిత్రిక యంత్రం మీది, టేబుల్ సా మీది, నిలువు డ్రిల్లు మీది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు మొదటి పనిముట్టు ఏది కొనాలని అడిగినప్పుడల్లా మీ పేరే చెప్పాను. చిత్రిక యంత్రం బెల్టు తెగినప్పుడు మీ సర్వీసు విభాగంలో ఒక పెద్దాయన ఫోన్‌లోనే ఉండి, ఏ బోల్టు ముందు వదులు చేయాలో, కప్పీని ఎటు తిప్పాలో ఒక్కొక్కటిగా చెప్పి నా చేత బిగింపించారు. ఫిర్యాదు సంఖ్య కూడా అడగలేదు. నేను ఇన్నేళ్ళు మీ దగ్గరే కొనడానికి కారణం అటువంటి మనుషులు. వాళ్ళను తీసేసి వాళ్ళ స్థానంలో చదివి వినిపించే కాగితాన్ని పెట్టారు. ఇంతకాలం మిమ్మల్ని నమ్మినవాడికి మీరు ఇచ్చే గౌరవం ఇదేనా?

ఇకపై నేను ఫోన్ చేయను. ఈ యంత్రాన్ని రూపొందించిన ఇంజినీరు ఎవరో ఒకరు సంతకంతో నాకు రాసి పంపాలి: గట్టి కలపను చీల్చేటప్పుడు తగిన బిగువుతో ఈ యంత్రం మోయగల బ్లేడు గరిష్ఠ వెడల్పు ఎంత, దాంతో ఎంత ఎత్తు దాకా తిన్నగా కోయవచ్చు. బ్రోచర్‌లోని మాట నిజమైతే అది నా దగ్గర నిజమయ్యేలా చేయగలిగిన, బ్యాండ్‌సా తెలిసిన మనిషిని పంపాలి. నిజం కాకపోతే యంత్రాన్నీ దిమ్మెనూ బ్లేడ్లనూ మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలి, ఆ బ్రోచర్‌ను సరిదిద్దాలి. నేను సహకరించలేదని రాసుకున్న మాటను మీ రికార్డుల నుంచి తొలగించి, అందుకు బాధ్యులైనవారు నాకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. నిజానికి నాకు సొమ్ము కంటే ఈ చివరిదే ముఖ్యం.

ఈ లేఖకు కూడా యంత్రం రాసిన జవాబే వస్తే వినియోగదారుల కోర్టుకు వెళతాను. బ్రోచర్, గేజీ కొలతల ఫోటోలు, ఉబ్బిన పలకలు, మీరు తెరవలేకపోయిన వీడియోలు, మూసేసిన ఫిర్యాదుల సందేశాలు అన్నీ తేదీల వారీగా భద్రపరిచాను. వడ్రంగం పని చేసే నా మిత్రులందరి ముందూ ఆ పలకలను పెట్టి, మీ ప్రతినిధులు నాతో అన్న ప్రతి మాటనూ చెబుతాను. అంతదాకా రావాలని నాకు లేదు. కానీ వచ్చి తీరాలని మీరే నిర్ణయిస్తే నేను వెనక్కి తగ్గను.

ఇట్లు,
మీ యంత్రాలను ఇన్నేళ్ళుగా నమ్మి కొన్న వినియోగదారుడు