ముదిరింది టేపా, యంత్రమా, చెవా?

సంపాదకులకు,

యవ్వనంలో విన్న పాటల మీద మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. ఆ రోజులు వేరు, ఆ గొంతులు వేరు అంటారు. బాగానే ఉంది. మరి అవే పాటల క్యాసెట్ ఇప్పుడు పెట్టుకుంటే మసకమసకగా ఎందుకు వినిపిస్తోందో మాత్రం ఎవరూ రాయరు. టేపుకు, దాన్ని తిప్పే యంత్రానికి, వినే చెవికి, మూడింటికీ వయసొస్తుంది. ఏది ఎంత ముదిరిందో తేల్చుకోకుండానే క్యాసెట్లను పారేస్తున్నారు.

తేల్చుకోవడం కష్టం కాదు. అదే యంత్రంలో ఇంకో నాలుగు క్యాసెట్లు పెట్టి చూడండి. అన్నీ మసకగా ఉంటే లోపం యంత్రానిది, ఒక్కటే అలా ఉంటే ఆ టేపుది. అదే పాట మంచి సీడీలో విన్నా మందంగానే ఉండి, పక్కనున్న కుర్రాడికి మాత్రం స్పష్టంగా వినిపిస్తుంటే, చెవి పరీక్ష చేయించుకోవాలి.

యంత్రంలో ముందుగా చూడాల్సింది హెడ్, అంటే టేపు మీది పాటను చదివే భాగం. టేపు నుంచి రాలిన గోధుమరంగు పొడి దాని మీద పేరుకుంటే హెడ్‌కూ టేపుకూ మధ్య సందు పడుతుంది, హెచ్చు శ్రుతి ధ్వనులు ముందుగా పోతాయి. 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి హెడ్‌ను, టేపును లాగే ఇనుప కడ్డీని తుడవాలి. రబ్బరు రోలర్‌కు తడిగుడ్డ చాలు, ఆల్కహాల్ కొన్ని రబ్బర్లను బిరుసెక్కిస్తుంది. ఆ రోలర్ గట్టిపడి నున్నబడితే పాట ఊగుతుంది, టేపు చుట్టుకుపోతుంది. బెల్టు సాగితే గొంతు దిగిపోతుంది. ఈ రెంటినీ మార్చడమే మార్గం.

తుడిచినా మసక పోకపోతే హెడ్ వాలు సరిచేయాలి. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ అందుకే. పాట తిరుగుతుండగా, అయస్కాంతం ఎక్కని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ స, శ అక్షరాలు బాగా పదునుగా పలికిన చోట ఆపాలి. పావు చుట్టు దాటాల్సిన అవసరం మామూలుగా రాదు. వేరే యంత్రంలో రికార్డు చేసిన క్యాసెట్‌కు ఈ ఒక్క పనితోనే ప్రాణం లేచొస్తుంది. రిపేరు షాపుల్లో కూడా దీన్ని పట్టించుకునేవారు తక్కువ.

ఇక టేపు. 60 నిమిషాల క్యాసెట్‌లో టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, 90లో 12, 120లో 9. సన్నటి టేపు త్వరగా సాగుతుంది, పక్క చుట్టలోని పాట దీనికి అంటుకుని పల్లవికి ముందే నీడలా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి కదలని క్యాసెట్‌ను వినేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి. హెడ్‌కు ఎదురుగా ఉండి టేపును దానికి ఒత్తిపట్టే చిన్న ఫెల్ట్ ముక్క జిగురు ఎండి రాలిపోవడం కూడా మామూలే, అప్పుడు టేపు బాగున్నా శబ్దం వచ్చీపోతూ ఉంటుంది. స్క్రూలున్న డబ్బా అయితే విప్పి, చుట్టలను మరో డబ్బాలోకి మార్చుకోవచ్చు.

పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వైరును మైకు రంధ్రంలో పెట్టకండి, సిగ్నల్ ఎక్కువై శబ్దం చిట్లుతుంది. లైన్ ఇన్ అనే రంధ్రం వాడి, రికార్డింగ్ మీటర్‌లో అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేట్టు చూడాలి. సీడీ నాణ్యత గల (44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్) స్టీరియో వేవ్ ఫైలుకు నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంట క్యాసెట్‌కు 600 ఎంబీ పడుతుంది. ఆ మూల ఫైలును ముట్టుకోకుండా దాచి, హోరు తగ్గించడమేదో నకలు మీద చేయండి. హోరు తీసే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కువగా వాడితే మాటల అంచులూ చెరిగిపోతాయి. అరవై దాటినవారు ఈ పని ఒక్కరే చేయకూడదు. తమకు వినపడని ధ్వనులను తెలియకుండానే కోసేస్తారు, లేదా ట్రెబుల్‌ను, అంటే హెచ్చు శ్రుతి ధ్వనులను, విపరీతంగా పెంచేస్తారు.

ఎందుకంటే వయసుతో వినికిడి హెచ్చు శ్రుతి ధ్వనుల నుంచి తగ్గుతూ వస్తుంది. హల్లుల పదును, తాళాల మెరుపు మొదట పోతాయి. వాల్యూమ్ పెంచితే తగ్గు శ్రుతి మోత పెరుగుతుందే గానీ మాట తేటపడదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన చెవికి హాని లేకుండా 80 డెసిబెల్స్ మోతను వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే 4 గంటలే.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి మరో చిక్కు. దాన్ని మాటల కోసం తయారుచేస్తారు. వేణువు దీర్ఘంగా పలికితే అది తనలోంచి వచ్చే ఈలే అనుకుని అణచబోతుంది, స్వరం వణుకుతుంది. ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడిగి పాటలకు వేరే ప్రోగ్రామ్ పెట్టించుకోవాలి: ఈల నివారణ, శబ్ద నివారణ ఆపేసి, కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల తేడాను కుదించే పని) తగ్గించి. అప్పటికీ శబ్దం చిట్లుతుంటే స్పీకర్ వాల్యూమ్ తగ్గించి, చెవిలోని యంత్రం వాల్యూమ్ పెంచుకోవాలి.

— టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక పాఠకుడు