‘పాస్’ అనే మాట ఆ ఫైల్లో ఉండదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా-ఉద్యోగాల పేజీలో ఆటోమేషన్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ను మనిషికి బదులు కోడుతో పరీక్షించడం) మీద వచ్చే వ్యాసాలన్నీ ఒకేచోట ఆగిపోతున్నాయి. బ్రౌజరును నడిపించే సెలీనియం నేర్చుకోండి, పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ నేర్చుకోండి, టెస్టులను తనంతట తానే నడిపించే జెంకిన్స్ కూడా వస్తే మంచిది అంటారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డుల మీదా ఇదే వరస. టెస్టు రాయడం దాకా అందరూ చెబుతున్నారు. నడిచిన టెస్టు ఏం తేల్చిందో ఆ ఫలితాన్ని కోడుతో చదివించడం ఎలాగన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నెత్తిన పడే పని అది.

ఎక్కువమంది చేసేది ఏమిటంటే, లాగ్‌లో (టెస్టులు నడుస్తుండగా తెర మీద పడే రాతలో) ‘ఫెయిల్డ్’ అనే మాట కోసం గ్రెప్ (మాటలు వెతికే కమాండు) కొట్టడం. ‘0 ఫెయిల్డ్’ అన్న వరసలోనూ ఆ మాట ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్ కొడితే లాగిన్ ఫెయిల్ కావాలని పరీక్షించే టెస్టు పేరులోనూ ఉంటుంది. ఇవి ఉత్తుత్తి అలారాలు, చికాకే తప్ప ప్రమాదం లేదు. ప్రమాదమంతా రెండో వైపు ఉంది. మెమరీ చాలక సిస్టమ్ టెస్టులు నడిపే ప్రాసెస్‌ను మధ్యలో చంపేస్తే ‘ఫెయిల్డ్’ అని రాయడానికి అక్కడ ఎవరూ మిగలరు. మాట దొరకలేదు కాబట్టి అంతా బాగుందని స్క్రిప్టు తేల్చేస్తుంది.

కాబట్టి లాగ్ వదిలి రిపోర్టు ఫైలు చదవాలి. జావా అయినా, పైథాన్ అయినా, జావాస్క్రిప్ట్ అయినా ఫలితాలు ఎక్కువగా జేయూనిట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే రూపంలో (ట్యాగులతో రాసే ఫైలుగా) దొరుకుతాయి. పేరు జావా టెస్టు టూలైన జేయూనిట్‌దే గానీ అందరూ కట్టుబడే అధికారిక నమూనా అంటూ దీనికి లేదు. జావా బిల్డ్ టూలైన అపాచీ యాంట్ రాసిన రిపోర్టును జెంకిన్స్ లాంటివి చదవడం మొదలుపెట్టాక అదే వాడుకగా స్థిరపడింది. అందుకే ఒక్కో టూల్ ఒక్కో రకంగా రాస్తుంది. టెస్టుల గుంపును తెలిపే టెస్ట్‌సూట్ అనే ట్యాగు మీద మొత్తం, ఫెయిల్యూర్స్, ఎర్రర్స్, స్కిప్డ్ అని అంకెలుంటాయి. దాని కింద ఒక్కో టెస్టుకు ఒక టెస్ట్‌కేస్ ట్యాగు. టెస్టు తప్పితే ఆ ట్యాగు లోపల ‘ఫెయిల్యూర్’, అనుకోకుండా విరిగిపోతే ‘ఎర్రర్’, వదిలేస్తే ‘స్కిప్డ్’ అని ఇంకో ట్యాగు. మరి పాసైతే? ఏమీ ఉండదు. ఖాళీ. పాస్ అనే మాట ఆ ఫైల్లో ఎక్కడా రాయరు.

చిక్కంతా ఈ ఖాళీతోనే. మీ కోడు ‘ఫెయిల్యూర్’ ఒక్కటే వెతికితే ‘ఎర్రర్’ వచ్చిన టెస్టులన్నీ పాస్ లెక్కలో చేరిపోతాయి. ఉదాహరణకు సూట్ మీద 412 టెస్టులు, 0 ఫెయిల్యూర్స్, 3 ఎర్రర్స్, 60 స్కిప్డ్ అని ఉందనుకోండి. ఆ కోడు ‘412 పాస్’ అని మెయిలు పంపుతుంది. నిజానికి పాసైనవి 349. పైగా ఫెయిల్యూర్‌కూ ఎర్రర్‌కూ తేడా అన్నిచోట్లా ఒకటి కాదు. జావా టూల్స్‌లో మామూలుగా అసెర్షన్ (ఫలితం ఇలా ఉండాలనే షరతు) తప్పితే ఫెయిల్యూర్, ఇంకేదైనా ఎక్సెప్షన్ (నడుస్తుండగా ఎదురయ్యే లోపం) వస్తే ఎర్రర్. పైటెస్ట్‌లో టెస్టు కోడు లోపల ఏ ఎక్సెప్షన్ వచ్చినా ఫెయిల్యూరే. ముందు ఏర్పాట్లలోనో తర్వాతి సర్దుబాట్లలోనో విరిగితే ఎర్రర్.

ఇంకో చోట కూడా జారతారు. కొన్ని టూల్స్ ఫైలు మొదట్లో ‘టెస్ట్‌సూట్స్’ అని బహువచనంలో పెట్టి, సూట్లను దాని లోపల ఉంచుతాయి. కొన్ని నేరుగా ‘టెస్ట్‌సూట్’తోనే మొదలుపెడతాయి. మొదటి రకానికి రాసిన కోడు రెండో రకం ఫైలు తెరిస్తే దానికి సూట్లేవీ కనిపించవు. సున్నా టెస్టులు చదివింది కాబట్టి ఫెయిల్యూర్లూ సున్నాయే, రంగు ఆకుపచ్చే! ఎక్కడున్నా సరే టెస్ట్‌కేస్ ట్యాగులన్నిటినీ ఏరి, వాటి సంఖ్యను సూట్ల మీది మొత్తంతో పోల్చాలి. పొంతన కుదరకపోయినా, మొత్తం సున్నా అయినా ఫెయిల్ కింద కట్టాలి. నిన్న 412 నడిచి ఇవాళ 290 నడిస్తే, అన్నీ పాసైనా సరే ఎవరో ఒకరు చూడాల్సిందే. జావా టెస్టులు నడిపే మేవెన్ ష్యూర్‌ఫైర్ సంగతే చూడండి. మామూలు సెట్టింగుల్లో అది క్లాసును పేరును బట్టే ఏరుకుంటుంది. ముందు ‘టెస్ట్’ అనో, చివర ‘టెస్ట్’, ‘టెస్ట్స్’, ‘టెస్ట్‌కేస్’ అనో ఉండాలి. ‘లాగిన్‌చెక్’ అని పేరు పెడితే ఆ క్లాసు నడవదు, నడవలేదని చెప్పదు కూడా.

ఫైలుతో పాటు ఎగ్జిట్ కోడు (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) కూడా చూడాలి. పైటెస్ట్ అన్నీ పాసైతే 0, కొన్ని తప్పితే 1, మధ్యలో ఎవరైనా ఆపితే 2, తనలోనే లోపముంటే 3, కమాండు తప్పుగా ఇస్తే 4, అసలు టెస్టులే దొరక్కపోతే 5 ఇస్తుంది. 137 వచ్చిందంటే ప్రాసెస్‌ను బలవంతంగా చంపారన్నమాట, అంటే 128కి చంపే సిగ్నల్ నంబరు 9 కలిపితే వచ్చిన అంకె. చాలాసార్లు మెమరీ అయిపోవడమే దీనికి కారణం. 139 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకడం). ఇంత వివరంగా చెప్పే అంకెను మనవాళ్లు ఒక్క పైపుతో పారబోస్తారు. లాగ్ దాచుకుందామని అవుట్‌పుట్‌ను ఫైల్లోకీ తెర మీదకీ పంపే ‘టీ’ కమాండుకు పైపు చేస్తే (మళ్లిస్తే), కమాండులు నడిపే షెల్‌కు అందేది ‘టీ’ ఎగ్జిట్ కోడు. అది ఎప్పుడూ సున్నాయే అనుకోండి. స్క్రిప్టు పైన ‘సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్’ అని ఒక్క వరస చేరిస్తే సరిపోతుంది. జెంకిన్స్ లాంటిదే అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లోనైతే షెల్ బాష్ అని విడిగా రాసినప్పుడే ఇది దానంతటది అమలవుతుంది, రాయకపోతే లేదు.

పాత ఫైళ్ల గొడవ మామూలే. ఇవాళ్టి రన్ మధ్యలో చచ్చినా నిన్నటి రిపోర్టు ఫోల్డరులో అలాగే ఉంటుంది. నడిపే ముందు ఆ ఫోల్డరు ఖాళీ చేయాలి. లాగ్‌లోని రంగుల కోడ్లు మరో తలనొప్పి. వాటి ముందుండే 27వ నంబరు క్యారెక్టరు ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0లో చెల్లదు, ఫైలును చదివే పార్సర్ అక్కడే ఆగిపోతుంది. ఆగితే మంచిదే. ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని చప్పుడు చేయకుండా మింగేసే కోడుతోనే ముప్పు.

మన భాషకే ప్రత్యేకమైన ఫెయిల్యూర్ ఒకటుంది. రావాల్సింది ‘హైదరాబాద్’, వచ్చింది ‘హైదరాబాద్’, టెస్టు ఫెయిల్. కంటికి అణువంత తేడా కనబడదు. అక్షరాలకు కోడ్లిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడుగా రాయొచ్చు, ఎత్వం పక్కన ఐ-పొడవు గుర్తు చేర్చి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. మొదటిదానిలో ఆ మాట 9 కోడ్లు, రెండోదానిలో 10. పైథాన్‌లో రెంటినీ ‘ఆస్కీ’ ఫంక్షన్‌తో ముద్రిస్తే కోడ్లు కనబడి గుట్టు బయటపడుతుంది. ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మారిస్తే రెండూ ఒకటవుతాయి. అయితే ఆ మార్పు టెస్టులో చేసి ఊరుకుంటే తప్పును కప్పిపెట్టినట్టే. యాప్‌లో ఊరి పేరు వెతికే మనిషికి కూడా ఇదే తేడా వల్ల ఫలితాలు రావు కాబట్టి, మార్చాల్సింది యాప్‌లో. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య దాగుండే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తును ఎన్‌ఎఫ్‌సీ తొలగించదు. దాని సంగతి విడిగా చూసుకోవాలి.

మళ్లీ నడిపితే పాసయ్యే టెస్టులను పాస్ పద్దులో కలపొద్దు. ష్యూర్‌ఫైర్‌కు రీరన్ సంఖ్య ఇస్తే అలాంటివాటిని ‘ఫ్లేకీ ఫెయిల్యూర్’ అనే ట్యాగులో పెట్టి, బిల్డును మాత్రం పాస్ చేస్తుంది. ఆ ట్యాగును విడిగా లెక్కించే కోడు రాసుకోవాలి. అలాగే ఒకేసారి 200 టెస్టులు పడిపోతే 200 బగ్గులు నమోదు చేయడం వృథా శ్రమ. ఫెయిల్యూర్ సందేశాల్లోంచి తేదీలు, ఐడీలు, మెమరీ అడ్రసులు తీసేసి ఒకేలా ఉన్నవాటిని గుంపు కట్టండి. డేటాబేసు అందలేదనే ఒక్క కారణమే చాలాసార్లు తేలుతుంది.

ఇదంతా సరిగ్గా చదివినా, పాస్ అంటే అడిగిన ప్రశ్నకు పాస్ అనే. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. శంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో అప్పట్లో అందరూ చూసిందే. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ నిర్వచనంలో 21 ఇన్‌పుట్లున్నాయి, కోడు ఇచ్చేది 20. ముందు చేసిన టెస్టుల్లో 21వ చోట ‘ఏదైనా సరే’ అనే వైల్డ్‌కార్డ్ పెట్టడంతో ఆ తేడా బయటపడలేదు.

మీ పేజీలో ఈ విషయం మీద ఒక పాఠం వేయమని కోరుతున్నాం. శిక్షణ కేంద్రాలు కూడా విద్యార్థుల చేత చిన్న పార్సర్ రాయించి, దానికి నాలుగు ఫైళ్లు ఇవ్వవచ్చు: ఒకటి ఖాళీది, ఒకటి సగంలో తెగినది, ఒకటి ఎర్రర్లు మాత్రమే ఉన్నది, ఒకటి నిన్నటి తేదీది. నాలుగింటిలో దేనికి ‘పాస్’ అని జవాబు వచ్చినా మార్కులు వేయొద్దు.

– టెస్ట్ ఆటోమేషన్ ఇంజినీర్లు, కూకట్‌పల్లి, హైదరాబాద్