మా బాబు రేడియేషన్ పూర్తయింది, అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారంతో మా బాబుకు 25 సిట్టింగులూ అయిపోయాయి. ఈ ఐదు వారాలు ఎవరి ఫోనూ సరిగ్గా ఎత్తలేకపోయాను, ఏమీ అనుకోకండి.

ముందుగా వాడి లెక్కల టీచర్‌ గారికి దండం పెట్టుకోవాలి. వీడు క్లాసులో గంటకో బాటిల్ నీళ్లు తాగేస్తున్నాడని, మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్తున్నాడని మాకు చెప్పింది ఆవిడే. ఎండలు కదా అని మేము, షుగర్ లేదు కదా అని మొదట చూసిన డాక్టరు గారు, తేలిగ్గా తీసుకున్నాం. మూడు నెలలు అలాగే పోయాయి. టీచర్ గారు ఊరుకోక మళ్లీ ఫోన్ చేస్తేనే హైదరాబాద్ తీసుకెళ్లాం. ఎంఆర్ఐలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పైన గడ్డ కనిపించింది. బయాప్సీలో అది జెర్మినోమా అనే ఒక రకం బ్రెయిన్ ట్యూమర్ అని తేలింది. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోన్ ఆ గ్రంథి దారినే రావాలట. గడ్డ వల్ల అది ఆగిపోయింది, అందుకే అంత దాహం.

బ్రెయిన్ ట్యూమర్ అనగానే మా ఆవిడ కుర్చీలోనే కూలబడింది. రేడియేషన్ డాక్టరమ్మ తెల్లకాగితం మీద బొమ్మ గీసి, "అరుదైనదే అమ్మా, కానీ రేడియేషన్‌కు బాగా లొంగే గడ్డ ఇది. నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది" అన్నారు. ఆ కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. ఎదిగే పిల్లాడు కాబట్టి ముందు నాలుగు విడతల కీమో ఇచ్చి, రేడియేషన్ డోసు తగ్గించారు. మెదడులో నీరుండే గదులన్నిటికీ 24 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), గడ్డ ఉన్న చోట మాత్రం ఇంకో 16.

ఇక టెక్నీషియన్ తమ్ముడి గురించి. తల కదలకుండా ఉండటానికి ఒక మాస్కు చేస్తారు. జల్లెడలా చిల్లులున్న ప్లాస్టిక్ షీటును వేడి నీళ్లలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి నొక్కుతారు. చల్లారితే గట్టిపడిపోతుంది. తర్వాత రోజూ దాన్ని బల్లకు బిగిస్తారు. మొదటిరోజు వీడు భయపడి ఏడ్చాడు. ఆ తమ్ముడు తొందరపెట్టలేదు. ముందు తన చేతి మీద షీటు పెట్టుకుని చూపించాడు. లోపల వీడు ఒక్కడే ఉన్నంతసేపూ మైకులో "ఇంకో రెండు నిమిషాలే నాన్నా" అంటూనే ఉండేవాడు. బయటికి వచ్చాక బుగ్గల మీద ఆ గళ్ల అచ్చులు అరగంట దాకా పోయేవి కావు. నేను వేలితో రుద్దుతూ కూర్చునేవాణ్ని.

కాగితాల కోసం మూడంతస్తులూ తిరిగిన ఆరోగ్యమిత్రకు, గది అద్దె మొత్తం కట్టిన నా పదో తరగతి స్నేహితులకు, వాంతులైన రోజున ఆటో తానే కడుక్కుని డబ్బులు తీసుకోని డ్రైవర్ అన్నకు ఎలా రుణం తీర్చుకోవాలో తెలియడం లేదు.

కీమో తర్వాతి స్కాన్‌లోనే గడ్డ చాలావరకు కరిగింది. దాహం తగ్గడానికి డెస్మోప్రెసిన్ మాత్రలు మాత్రం వాడుతూనే ఉండాలి, బహుశా ఎప్పటికీ. జుట్టు మెల్లగా వస్తుందన్నారు.

ఎవరి పిల్లలైనా షుగర్ లేకుండా ఇలా నీళ్లు తాగుతుంటే నాకు మెసేజ్ పెట్టండి, మా రిపోర్టులు పంపిస్తాను. తమ్ముడూ, స్కాన్‌కు వచ్చేటప్పుడు మా తోట బత్తాయిలు బస్తా తెస్తున్నాం. ఏరి పెట్టేది తానేనని వీడు ఇప్పటి నుంచే చెబుతున్నాడు.