ఉగ్గు గిన్నె గురించి ఆరోగ్య మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఎక్కువ కాలం పురుళ్ళ వార్డుల్లోనే స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లలకి ఇంటికి వెళ్ళాక ఎవరు ఏం పడుతున్నారన్న ఒక్క విషయం మీద మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట మా దగ్గర హెచ్‌ఐవీ ఉన్న ఒక అమ్మాయి ప్రసవించింది. నాలుగో నెల నుంచీ ఏఆర్‌టీ మాత్రలు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంది. బిడ్డకి వైరస్ సోకకుండా నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టాం. ఆరు నెలల దాకా నీ పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దని చెప్పి పంపించాం. భర్తకి తప్ప ఇంట్లో ఎవరికీ సంగతి తెలియదు. పదో రోజున అత్తగారు బిడ్డ నాలుక మీద తేనె రాసింది, వస కొమ్ము అరగదీసి నాకించింది, ఉగ్గు గిన్నెలో ఆముదం కలిపి పోసింది. తన పిల్లలందరికీ అలాగే పోసింది మరి, ఆవిడ తప్పేముంది? ఆవిడని ఆపాలంటే ఈ అమ్మాయి కారణం చెప్పాలి. చెబితే ఆ ఇంట్లో తన చోటు ఉంటుందో ఉండదో.

హడలిపోయి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. "కలిపి పట్టేశారు కదా, ఇక నీ పాలు ఆపెయ్" అన్నారు మాలో ఒకరు. నేను పక్కనే ఉన్నాను. అది తప్పని అప్పుడు నాకూ తెలియదు. బిడ్డ డబ్బా పాల మీద పడ్డాడు. డబ్బా త్వరగా అయిపోకూడదని పొడి తగ్గించి నీళ్ళు పెంచి కలిపేవాళ్ళట. మూడో నెలలో విరేచనాలతో, కళ్ళు లోపలికి పీక్కుపోయి వచ్చాడు. బతికాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ తర్వాతే ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అన్నా కుట్సూడిస్, హూసేన్ కువాడియా అనే ఇద్దరు పరిశోధకులు పనిచేశారు. కువాడియా గారు భారత సంతతి పిల్లల వైద్యుడు, 2023లో కన్నుమూశారు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి పాలిస్తే బిడ్డకి ప్రమాదమే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో వీళ్ళు ఇంకో ప్రశ్న వేశారు: పాలు మాత్రమే ఇస్తే ఏమవుతుంది, పాలతో పాటు ఇంకేమైనా పడితే ఏమవుతుంది? 1999లో అచ్చయిన వాళ్ళ లెక్క ప్రకారం, మూడు నెలల వయసుకి తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల్లో 14.6 శాతం మందికి హెచ్‌ఐవీ సోకితే, పాలతో పాటు ఇతరం కూడా పట్టిన పిల్లల్లో అది 24.1 శాతం. ఆ తల్లులకి ఇప్పటిలాంటి మందులు లేవు. పైనుంచి పోసేవి పసిబిడ్డ పేగు పొరని గాయపరిచి వైరస్‌కి దారి ఇస్తాయన్నది వాళ్ళు చెప్పిన కారణం. 2007లో వెలువడిన ఇంకా పెద్ద అధ్యయనంలో, తల్లిపాలతో పాటు గట్టి ఆహారం పెట్టిన పిల్లలకి ముప్పు దాదాపు 11 రెట్లు కనిపించింది. అలాగని తల్లిపాలు పూర్తిగా మానిపించినా మేలు జరగలేదు. మూడు నెలలు నిండేలోపు చనిపోయిన పిల్లలు తల్లిపాలు మాత్రమే తాగినవాళ్ళలో 6.1 శాతమైతే, పోతపాల మీద ఉన్నవాళ్ళలో 15.1 శాతం. ఆ దేశ ఆరోగ్య మంత్రి ఆరన్ మొట్సోలెడి 2011లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బా పాలు ఉచితంగా పంచడం ఆపాలని నిర్ణయించారు.

ఇప్పుడు మనకి మందులున్నాయి. తల్లి మాత్రలు సరిగ్గా వేసుకుంటూ పాలిస్తే, పాల ద్వారా సోకే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువకి దిగింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట కూడా స్పష్టం చేసింది. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం మంచిది. ఒకవేళ పొరపాటున వేరేది పట్టినా, తల్లి మందుల మీద ఉంటే పాలు ఆపక్కర్లేదు. ఆ రోజు ఆ అమ్మాయికి మేం చెప్పాల్సింది ఇదే: ఉగ్గు ఆపు, మాత్రలు ఆపకు, పాలు ఆపకు.

అయ్యా, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళ సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత మన రాష్ట్రమే, మూడు లక్షలకు పైనే ఉన్నారు. ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్ ఒకటి చెబుతారు, పురుళ్ళ గదిలో మేం ఒకటి చెబుతాం, బయట మందుల షాపులో ఇంకొకటి చెబుతారు. వీటి మధ్య ఆ తల్లి టెన్షన్‌తో నలిగిపోతుంది. 'ఉగ్గు ఆపు, మాత్రలు ఆపకు, పాలు ఆపకు' అన్న మూడు మాటలు రాసిన ఒక కాగితం అన్ని పురుళ్ళ గదుల్లో, అన్ని ఏఆర్‌టీ సెంటర్లలో ఉండాలి.

అంతకన్నా ముఖ్యంగా నేను అడిగేది హెచ్‌ఐవీ పేరు ఎత్తకుండానే చేయగలిగిన పని. ఉగ్గు, తేనె, వస, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్ళు ఆరు నెలల దాకా ఏ బిడ్డకీ వద్దని ప్రతి ఇంట్లో పెద్దావిడకి తెలియాలి. అందరికీ ఒకటే నియమమైతే, కోడలు దేనికీ కారణం చెప్పుకోనక్కర్లేదు. "ఆసుపత్రిలో అందరికీ ఇలాగే చెబుతున్నారు అత్తయ్యా" అంటే చాలు, ఆమె రహస్యం ఆమె దగ్గరే ఉంటుంది. ఆగస్టులో తల్లిపాల వారోత్సవాలకి పోస్టర్లు అంటిస్తాం, కానీ అవి చదివేది చదువుకున్న కోడళ్ళు. అత్తగార్లు, అమ్మమ్మలు అంగన్‌వాడీలో జరిపే సీమంతాలకి వస్తారు, బారసాలకి వస్తారు. ఆశా కార్యకర్త వాళ్ళతో మాట్లాడాల్సింది అక్కడ.

ఇంకొకటి. పురిటికి పుట్టింటికి వెళ్ళే అమ్మాయికి తిరిగొచ్చేదాకా సరిపడా మాత్రలు ముందే చేతికివ్వాలి. మాత్రలు లేకపోతే నూటికి ఒకటి కన్నా తక్కువ అన్న లెక్క తారుమారవుతుంది.

నేను ఇప్పుడు మా వార్డులో డిశ్చార్జి రోజున వచ్చిన పెద్దావిడ ఎవరైనా సరే పక్కన కూర్చోబెట్టుకుని ఉగ్గు గిన్నె గురించి మాట్లాడుతున్నాను. పది నిమిషాలు పడుతుంది. కొందరు వింటారు, కొందరు నన్ను కోప్పడి వెళ్ళిపోతారు. నా డ్యూటీ లేని రోజున ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. ప్రతి డిశ్చార్జికీ ఆ పది నిమిషాలు తప్పనిసరి చేస్తూ మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
గుంటూరు జిల్లా